బ్యాంకులో పడ్డ పైసలు వేరే.. సర్కారు చూసే లెక్క వేరే

2024 డిసెంబర్‌లో ఒకరోజు పొద్దుగాల నా ఫోన్‌కు ఆదాయపు పన్ను శాఖ నుంచి మెసేజ్ వచ్చింది. మొత్తం ఇంగ్లిష్‌ల ఉంది. నేను ఇంటర్ దాక చదివిన. కూడబలుక్కొని చదివితే ఇంత అర్థమైంది: మీరు రిటర్న్‌లో చూపిన లెక్క, మా దగ్గర ఉన్న లెక్క కలుస్తలేవు. గుండె గుభేలుమంది. కోట్లు దాచుకున్నోళ్లకు రావాల్సిన మెసేజ్, లంగాలు కుట్టి అమ్ముకునే నాకెందుకు వచ్చిందని ఆ రాత్రి నిద్ర పట్టలె.

మాది సిరిసిల్ల. మా ఆయన సాంచల మీద పనిచేస్తడు. నేను ఇంట్ల రెండు మిషన్లు పెట్టుకొని లంగాలు, నైటీలు కుట్టించి 2021 నుంచి ఆన్‌లైన్‌ల అమ్ముతున్న. కుట్టుడు ముందే వచ్చు. ఫొటోలు తీసుడు, ఆర్డర్ ప్యాక్ చేసుడు నేర్చుకున్న. రానిది ఒక్కటే, పన్నుల లెక్క. అది రాక రెండుసార్లు దెబ్బ తిన్న. మా వాడకట్టులోనే నా అసుంటి ఆడోళ్లు ఇంకా నలుగురు ఈ పని మొదలుపెట్టిన్రు. వాళ్లు నన్ను అడిగితే చెప్పిన ముచ్చటే ఇక్కడ అందరికీ చెప్తున్న.

250కి అమ్మితే 175 చేతికొస్తది

నేనొక లంగా 250 రూపాయలకు అమ్మిన అనుకోండి. కంపెనీ కమిషన్, కొరియర్, ఇతర చార్జీలు, పన్ను కోతలు పోను నా బ్యాంకు ఖాతాలో 175 పడతయ్. నా లెక్కల నేను అమ్మింది 175కే. చేతికి వచ్చింది అదే కదా. కానీ సర్కారు చూసే అమ్మకం 250.

2023-24ల నేను జీఎస్టీ కాకుండ 8 లక్షల 40 వేల సరుకు అమ్మిన. బ్యాంకులో పడ్డది 5 లక్షల 90 వేలు. నెట్ సెంటర్ పిలగాడికి బ్యాంకు స్టేట్‌మెంట్ ఇచ్చి ఆదాయపు పన్ను రిటర్న్ వెయ్యమన్న. ఆయన అందులో ఉన్న 5 లక్షల 90 వేలే అమ్మకం కింద రాసిండు. అటు నేను సరుకు అమ్మే కంపెనీ మాత్రం నా పాన్ నంబర్ మీద 8 లక్షల 40 వేలు అని ముందే సర్కారుకు చెప్పేసింది. మెసేజ్ వచ్చింది ఈ రెండున్నర లక్షల తేడాకే.

మా దగ్గర జీఎస్టీ రిటర్నులు వేసే అన్నను అడిగితే ఆయన నవ్విండు. “అక్కా, నువ్వు ఏం తప్పించుకోలె. నువ్వు కట్టాల్సిన పన్ను అప్పుడూ సున్నానే, ఇప్పుడూ సున్నానే. అంకె తప్పు రాసినవ్, గంతే” అన్నడు. వారం లోపల సరిచేసిన రిటర్న్ వేసినం. పన్ను ఒక్క రూపాయి పడలె. ఎదురు నాకే కంపెనీ కోసిన 8,400 వాపస్ వచ్చినయ్.

నా లెక్క చెప్పేది ఎవరు?

ఆన్‌లైన్‌ల అమ్మేటోళ్ల మీద రెండు కండ్లు ఉంటయ్. ఒకటి ఆదాయపు పన్ను, రెండోది జీఎస్టీ. రెండింటికీ మన లెక్క అందించేది మనం సరుకు అమ్మే కంపెనీయే.

ఆదాయపు పన్ను చట్టంలో 194-ఓ అని ఒక సెక్షన్ ఉంది. 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో లాంటి కంపెనీలు మనకు పైసలు ఇచ్చే ముందు అమ్మకం విలువ మీద కొంత టీడీఎస్ కింద కోసి సర్కారుకు కట్టాలె. మొదట్ల ఇది 1 శాతం. 2024 అక్టోబర్ 1 నుంచి 0.1 శాతానికి తగ్గించిన్రు. ఈ కోత కమిషన్, కొరియర్ తీసేసినంక మిగిలిన దాని మీద కాదు, మొత్తం అమ్మకం విలువ మీద. మనిషి పేరు మీద నడిచే వ్యాపారమైతే, ఏడాది అమ్మకం 5 లక్షలు దాటకపోతే, పాన్ గానీ ఆధార్ గానీ ఇచ్చి ఉంటే కోత ఉండదు. ఇయ్యకపోతే కోత 5 శాతం దాక పోతది. ఏప్రిల్ 1, 2026 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ల నంబర్లు మారినయ్. అందరికీ అలవాటైన పాత నంబర్లే నేను ఇక్కడ వాడుతున్న.

జీఎస్టీ చట్టంలో 52వ సెక్షన్ ఇంకో కోత. దీన్ని టీసీఎస్ అంటరు. 2018 అక్టోబర్‌ల 1 శాతంతో మొదలైంది. 2024 జులై 10 నుంచి అర శాతం చేసిన్రు. వాపస్ వచ్చిన సరుకు తీసేసి మిగిలిన అమ్మకం మీద ఇది పడతది. కంపెనీ ప్రతి నెల 10వ తారీఖు లోపు జీఎస్టీఆర్-8 అనే ఫారంలో, ఎవరు ఎంత అమ్మిన్రు, ఎంత కోసినమని సర్కారుకు రాసిస్తది.

2023-24ల నాకు రెండు కోతలూ 1 శాతం చొప్పున ఉండె. 8 లక్షల 40 వేల మీద అటు 8,400, ఇటు 8,400, మొత్తం 16,800 ఆగినయ్. అదే అమ్మకం మీద ఇప్పటి రేట్లయితే 840, 4,200, మొత్తం 5,040 మాత్రమే. చిన్నోళ్ల పెట్టుబడి ఆగుతున్నదని సర్కారు ఆలకించిందంటే గిదే. మంచిదే.

కానీ ఒక మాట గుర్తుంచుకోవాలె. ఈ కోతలు అదనపు పన్నులు కావు. ఇవి మన పైసలే, సర్కారు దగ్గర మన పేరు మీద జమ ఉంటయ్. అడిగితేనే వస్తయ్. టీడీఎస్ కావాలంటే ఆదాయపు పన్ను రిటర్న్ వెయ్యాలె. టీసీఎస్ కావాలంటే జీఎస్టీ పోర్టల్‌లో వచ్చిన టీసీఎస్‌ను ఒప్పుకుంటున్నమని నొక్కాలె. అప్పుడే అది మన క్యాష్ లెడ్జర్‌లోకి వస్తది, జీఎస్టీ కట్టేటప్పుడు వాడుకోవచ్చు. నేను రెండేండ్లు ఆ బటన్ నొక్కలె. ఉందనే తెల్వదు.

ఆదాయం ఎంత, పన్ను ఎంత?

మా ఆడోళ్లకు ఉన్న పెద్ద బుగులు ఇక్కడనే. 8 లక్షల అమ్మకం చూపిస్తే 8 లక్షల మీద పన్ను పడతదేమో అని. పడదు. పన్ను లాభం మీద, అమ్మకం మీద కాదు.

చిన్న వ్యాపారులకు 44ఏడీ అని సులువు దారి ఉంది. ఏడాదికి 2 కోట్ల లోపు వ్యాపారం ఉంటే బిల్లు బిల్లుకు ఖర్చు చూపియ్యాల్సిన పనిలేదు. బ్యాంకు ద్వారా, ఆన్‌లైన్‌ల వచ్చిన అమ్మకం మీద కనీసం 6 శాతం లాభంగా చూపిస్తే సాలు. నగదు అమ్మకమైతే 8 శాతం. అసలు లాభం అంతకంటే ఎక్కువ ఉంటే ఎక్కువే చూపియ్యాలె. ఐటీఆర్-4 అనే ఫారంలో వేస్తరు. నా 8 లక్షల 40 వేల మీద 6 శాతం అంటే 50,400. నా అసలు లాభం అంతకు కొంచెం ఎక్కువ ఉండె, అదే చూపించినం. అయినా పన్ను పడే ఆదాయం దరిదాపుల్లో లేదు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల దాక ఆదాయం ఉన్నోళ్లకు రిబేటుతో పన్ను సున్నానే.

మరి పన్ను లేనప్పుడు రిటర్న్ ఎందుకు? మొదటిది, కోసిన పైసలు వాపస్ రావాలంటే అదొక్కటే తొవ్వ. రెండోది, వ్యాపారం 60 లక్షలు దాటినా, ఏడాదిలో టీడీఎస్, టీసీఎస్ కలిపి 25 వేలు దాటినా, ఆదాయం తక్కువున్నా సరే రిటర్న్ తప్పనిసరి. మూడోది, రేపు బ్యాంకు లోన్ అడిగితే వాళ్లు మొదలు అడిగేది ఐటీఆర్ కాయిదమే.

గిరాకీ లేకున్నా రిటర్న్ వెయ్యాలె

రెండో దెబ్బ అసలు దీనికంటే ముందు తగిలింది. 2022ల మా అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. ఎనిమిది నెలలు మిషన్లు మూలకు పెట్టిన. ఒక్క లంగా అమ్మలె. అమ్మకమే లేనప్పుడు రిటర్న్ ఏంది అనుకొని ఊకున్న.

జీఎస్టీ నంబర్ ఉన్నోళ్లు సున్నా అమ్మకమైనా రిటర్న్ వెయ్యాలె. వెయ్యకపోతే సున్నా రిటర్న్‌కు రోజుకు 20 రూపాయలు, ఒక్కో జీఎస్టీఆర్-3బీకి ఎక్కువల ఎక్కువ 500 లేటు ఫీజు. అమ్మకం ఉంటే రోజుకు 50 చొప్పున, కోటిన్నర లోపు వ్యాపారానికి 2,000 దాక. ఎనిమిది నెలలకు ఎనిమిది ఐదు వందలు, 4,000 కట్టిన. ఇంట్ల మందులకు పైసలు వెతుక్కునే యాళ్ల అది. ఆరు నెలలు వరుసగా వెయ్యకపోయేసరికి నంబర్ రద్దు చేస్తమని నోటీసు కూడా వచ్చింది. అన్ని రిటర్నులూ వేసినంకనే అది ఆగింది.

తర్వాత తెలిసింది ఏందంటే, సున్నా రిటర్న్ వెయ్యడానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. జీఎస్టీల ఇచ్చిన ఫోన్ నంబర్ నుంచి 14409కి మెసేజ్ కొడితే అయిపోతది. 2020 నుంచే ఈ సౌలత్ ఉంది. దవాఖాన బెంచీ మీద కూసొని కూడా వెయ్యొచ్చు. నాకు ఎవరూ చెప్పలె. అందుకే ఎవరు కలిసినా నేను మొదలు ఈ నంబరే చెప్త.

నంబర్ ఎవరికి కావాలె?

నేను మొదలుపెట్టినప్పుడు ఆన్‌లైన్ కంపెనీల మీద సరుకు అమ్మాలంటే ఒక్క రూపాయి అమ్మినా జీఎస్టీ నంబర్ తప్పనిసరి. 2023 అక్టోబర్ 1 నుంచి ఆ కట్టుబాటు సడలించిన్రు. ఇప్పుడు పరిమితి లోపు ఉన్న చిన్నోళ్లు జీఎస్టీ నంబర్ లేకుండ, పోర్టల్‌లో పాన్‌తో ఎన్‌రోల్‌మెంట్ నంబర్ ఒకటి తీసుకొని అమ్మొచ్చు. రిటర్నులు ఉండయ్, టీసీఎస్ కోత ఉండదు. కానీ రెండు షరతులు. ఒకే రాష్ట్రంల ఉండాలె. ఆ రాష్ట్రం దాటి సరుకు పంపొద్దు.

ఇక్కడ తెలంగాణోళ్లు జాగ్రత్తగ వినాలె. సరుకు అమ్మేటోళ్లకు పరిమితి 40 లక్షలు అని యూట్యూబ్‌ల అందరూ చెప్తరు. మన రాష్ట్రానికి అది వర్తించదు. 2019 ఏప్రిల్ నుంచి 40 లక్షలు పెట్టినప్పుడు, వద్దనుకున్న రాష్ట్రాలకు పాత పరిమితి ఉంచిన్రు. అట్ల ఉండిపోయిన వాటిలో తెలంగాణ ఒకటి. మనకు 20 లక్షలే. ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు.

కోదాడలో ఒక ఆడామె, జగ్గయ్యపేటలో ఇంకో ఆడామె ఒకే తీరు నైటీలు అమ్ముతున్నరు అనుకుందాం. జగ్గయ్యపేట ఆమె 40 లక్షల దాక నంబర్ లేకుండ అమ్మొచ్చు. కోదాడ ఆమెకు 20 లక్షలకే అవసరం పడతది. ఇగ కోదాడ ఆమె ఎన్‌రోల్‌మెంట్ నంబర్‌తో ఆదిలాబాద్ దాక సరుకు పంపొచ్చు, పక్కనున్న జగ్గయ్యపేటకు మాత్రం పంపొద్దు. ఒక్క పార్సిల్ బార్డర్ దాటాలన్నా పూర్తి జీఎస్టీ నంబర్, నెలనెలా రిటర్నులు. 1 శాతం కట్టే కాంపోజిషన్ స్కీమ్‌ల ఉన్నోళ్లకూ అంతే. ఆన్‌లైన్‌ల అమ్మొచ్చు కానీ రాష్ట్రం లోపలే.

నేను నంబర్ ఉంచుకున్న. ఎందుకంటే నా గిరాకీల సగం మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర నుంచి వస్తది. నంబర్ ఉంటే ఒక లాభం కూడా ఉంది. కంపెనీ తన కమిషన్ మీద వేసే 18 శాతం జీఎస్టీని, బట్ట కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని నేను కట్టాల్సిన 5 శాతంలో తగ్గించుకోవచ్చు. నంబర్ లేనోళ్లకు అది మునిగినట్టే. ఇంకో మాట. మన సరుకును వేరే రాష్ట్రంల కంపెనీ గోదాంల పెడితే ఆ రాష్ట్రంల కూడా నంబర్ తీసుకోవాలె. గోదాంల పెట్టుమని ఫోన్లు చేసేటోళ్లు ఈ ముచ్చట ముందు చెప్పరు.

వాట్సాప్‌ల అమ్మితే?

“నేను ఏ కంపెనీలో లేను, వాట్సాప్ గ్రూప్‌ల, ఇన్‌స్టాల అమ్ముత, నాకేం లేదు” అంటరు కొందరు. నడుమ కంపెనీ లేదు కాబట్టి టీడీఎస్, టీసీఎస్ కోతలు ఉండని మాట నిజమే. కానీ ఆదాయం ఆదాయమే, రిటర్న్‌లో చూపాల్సిందే. జీఎస్టీకి 20 లక్షల లెక్క అక్కడా వర్తిస్తది. పన్ను పడే సరుకు వేరే రాష్ట్రానికి పంపితే మామూలుగా ఆ లెక్క కూడా ఉండదు, నంబర్ కావాల్సిందే.

నగదు కాదు కాబట్టి ఎవరికీ కనబడదు అనుకోవద్దు. 2025 జులైలో కర్ణాటకల ఏమైందో చూసినం. యూపీఐల వచ్చిన పైసలు చూసి వాణిజ్య పన్నుల శాఖ చిన్న చిన్న దుకాణదారులకు నోటీసులు పంపింది. బెంగళూరుల మస్తు మంది క్యూఆర్ కోడ్ తీసేసి, నగదు మాత్రమే అని అట్టముక్కలు తగిలించిన్రు. యూపీఐల పడ్డదంతా అమ్మకం కాకపోవచ్చు. చెల్లె పంపిన పైసలు, చిట్టీ పైసలు కూడా ఉంటయ్. కానీ ఏది ఏందో చెప్పాల్సింది మనమే. లెక్క రాసుకోకపోతే ఏమని చెప్తం?

ఇంట్ల వాడిన పాత ఫోన్, పాత మంచం ఆన్‌లైన్‌ల అమ్మితే అది వ్యాపారం కాదు. దానికి ఈ గోస ఏం లేదు. బంగారం మాత్రం ఆ లెక్కలకు రాదు.

నేను ఇప్పుడు ఏం చేస్తున్న?

నెలకు ఒక్క పూట పక్కకు పెట్టుకున్న. కంపెనీ పోర్టల్ నుంచి ఆ నెల అమ్మకాల రిపోర్ట్, పేమెంట్ రిపోర్ట్ దించుకుంట. ఒక నోట్‌బుక్‌ల అయిదు గీతలు: అమ్మింది, వాపస్ వచ్చింది, కమిషన్ కొరియర్ పోయింది, పన్ను కోసింది, బ్యాంకులో పడ్డది. మొదటి గీతలకెల్లి నడిమి మూడు తీసేస్తే ఆఖరుది రావాలె. రాకపోతే ఎక్కడనో తప్పు ఉన్నట్టు.

వ్యాపారానికి బ్యాంకు ఖాతా వేరే పెట్టిన. ఇంటి పైసలు అండ్ల కలపను. ఆదాయపు పన్ను పోర్టల్‌లో 26ఏఎస్, ఏఐఎస్ అని రెండు కాయిదాలు ఉంటయ్. మన పాన్ మీద ఎవరు ఏం చెప్పిన్రో అందులో కనబడతది. రిటర్న్ వేసే ముందు వాటిని నా నోట్‌బుక్‌తో పెట్టి చూస్త. ఏఐఎస్‌ల తప్పు ఉంటే ఇది తప్పు అని అక్కడనే రాసి పంపొచ్చు. జీఎస్టీ రిటర్న్‌ల చూపిన అమ్మకం, ఆదాయపు పన్నుల చూపిన అమ్మకం ఒక్క తీరుగ ఉన్నయా అని చూస్త. నాకు దెబ్బ పడ్డది అక్కడనే కదా.

సర్కారుకు ఒక మాట

లెక్క అడుగుడు తప్పని నేను అనను. మా ఊరి బజార్ల షట్టర్ కిరాయి కట్టి, జీఎస్టీ కట్టి అమ్మేటోళ్లు ఉన్నరు. ఆన్‌లైన్‌ల అమ్మేటోళ్లకు లెక్కే లేకపోతే వాళ్ల నోట్ల మన్ను కొట్టినట్టు అయితది. కానీ నియమం మనిషిని చూసి ఉండాలె.

సేవలు అమ్మేటోళ్లకు, అంటే డిజైన్ గీసేటోళ్లకు, ఆన్‌లైన్‌ల పాఠాలు చెప్పేటోళ్లకు, 2017 నుంచే 20 లక్షల దాక రాష్ట్రం దాటినా నంబర్ అక్కర్లేదు. సరుకు కుట్టి అమ్మే మాకు మాత్రం మొదటి పార్సిల్ నుంచే కావాలె. కంప్యూటర్ మీద పనిచేసేటోళ్లకు ఉన్న సౌలత్ మిషన్ మీద పనిచేసేటోళ్లకు ఎందుకు లేదు? పార్సిల్ పార్సిల్‌కూ లెక్క కంపెనీయే రాసిస్తున్నప్పుడు, 20 లక్షల లోపు అమ్మేటామె దగ్గర నెలనెలా మళ్ల అదే లెక్క అడిగి సర్కారుకు వచ్చేదేంది?

రెండోది మన రాష్ట్ర సర్కారుకు. పక్క రాష్ట్రంల 40 లక్షలు ఉంటే మన దగ్గర 20 లక్షల కాడనే ఎందుకు ఆగినం? మళ్ల ఒకసారి ఆలోచించాలె. మూడోది చిన్న కోరిక. తప్పు పట్టే మెసేజ్ ఎట్లాగూ పంపుతున్నరు, అది తెలుగుల పంపుండ్రి. ఆ డిసెంబర్‌ల నాకు వచ్చిన మెసేజ్ తెలుగుల ఉంటే, అంకె తప్పు రాసిన్రు, సరిచేసుకోండి అని అర్థమయ్యేది. ఆ రాత్రి నిద్ర పట్టేది.

మా వాడకట్టు నలుగురికీ తలా ఒక నోట్‌బుక్ కొనిచ్చిన. అయిదు గీతలు నేనే గీసిచ్చిన. రాసుడు మాత్రం వాళ్లే రాయాలె.